జెండా ఊపితే పందెం అయిపోదు

మా వైపు పరుగులకేం లోటు లేదు. అక్టోబరు 31 వచ్చిందంటే పటేల్ జయంతికి ఐక్యతా పరుగు. జనవరి 25న ఓటర్ల దినోత్సవానికి ఒకటి. డిసెంబరు ఒకటిన ఎయిడ్స్ దినానికి ఒకటి. మార్చిలో కిడ్నీ దినోత్సవం ఉండనే ఉంది. సందర్భం ఏదైనా పేరు మాత్రం ‘2కె రన్’. టెక్కలి, కాశీబుగ్గ, సోంపేట, ఎక్కడ చూసినా తంతు ఒకటే. స్కూలు పిల్లల్ని, కాలేజీ ఎన్‌సీసీ వాళ్ళని ఆరింటికే తెచ్చి వరసల్లో నిలబెడతారు. ముఖ్య అతిథి ఏడున్నరకి దిగుతారు. ఉపన్యాసం, బ్యానరు, బెలూన్లు, జెండా. ఫొటో కోసం ఓ రెండొందల మీటర్లు అందరూ పరిగెడతారు. కెమెరా దాటాక నడుస్తారు. కూడలిలో మానవహారం, ప్రతిజ్ఞ, ఒక అరటిపండు, ఇంటికి. ఎవరు ముందొచ్చారని అక్కడ అడక్కూడదు. ఎంత దూరం పరిగెత్తారని అసలే అడక్కూడదు.

ఇవి ఊరేగింపులు. ఊరేగింపుల మీద నాకేం కోపం లేదు, ఊరన్నాక ఉండాలి. నా తగాదా పేరుతో. ఊరేగింపుకి పరుగని పేరు పెట్టుకుని, ‘మా మండలంలో ఏటా నాలుగు రన్‌లు చేస్తున్నాం’ అని రిపోర్టు రాసేసుకుంటే, నిజంగా పందెం కావలసినవాళ్ళకి అది ఎప్పటికీ దొరకదు. పలాస, టెక్కలి, ఉద్దానం ఊళ్ళకి ఒక రోడ్డు పందెం కావాలి. కొలిచిన దూరం, కచ్చితమైన గడియారం, బళ్ళు ఆపిన రోడ్డు, దారి పొడవునా మంచినీళ్ళు ఉండాలి. ఏడాదికి ఒక్కటి చాలు. ఇంత చిన్న కోరికకి ఇంత పెద్ద వ్యాసం ఎందుకో కింద చెప్తాను.

నేను టెక్కలి వాణ్ణి. విశాఖలో ఉద్యోగం, అక్కడే ఒక రన్నర్ల గుంపులో సభ్యుణ్ణి. 10 కిలోమీటర్లు 52 నిమిషాల్లో పరిగెడతాను. ఆ లెక్కతో ఏ పందెంలోనూ ఎవరూ నన్ను పట్టించుకోరు, పట్టించుకోనక్కర్లేదు కూడా. శని, ఆదివారాలు ఊరెళితే కాశీబుగ్గలో ఇంకో గుంపు ఉంది. ఇద్దరు మాస్టార్లు, ఒక లైన్‌మేన్, మందుల షాపాయన, పదీ పన్నెండు మంది కుర్రాళ్ళు. దానికి పేరు లేదు, టీషర్టు లేదు, వాట్సాప్ గ్రూపు ఒకటుంది. మా మాస్టార్లూ నేనూ సరదాకి పరిగెడతాం. ఆ సరదా ఏంటో మా వైపు చెప్పి ఒప్పించడం కష్టం. ఒకసారి జీడిపిక్కల ఫ్యాక్టరీకి పొద్దున్నే నడిచెళ్తున్న ఒకావిడ నన్నాపి అడిగింది.

“ఏటి బావూ, పోలీసుద్యోగానికా?”

“కాదు పిన్నీ, ఉత్తినే.”

“ఉత్తినే సెమట్లు కార్సుకుంటారేటి! మాం పన్జేసి కార్సుకుంటన్నాం, సాల్దా?”

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. కానీ ఆవిడ మొదటి ప్రశ్న చూడండి. మా దగ్గర తెల్లవారుజామున ఎవడైనా పరిగెడుతున్నాడంటే ఉద్యోగం కోసమే అయ్యుండాలి. ఆవిడ అనుకున్నది నూటికి తొంభై పాళ్ళు నిజం. మీరు నాలుగున్నరకి మందస రోడ్డు మీదకో హరిపురం రోడ్డు మీదకో రండి, చీకట్లో చెప్పుల్లేని కాళ్ళ చప్పుడు వినిపిస్తుంది. వాళ్ళు ఆర్మీ కుర్రాళ్ళు, అంటే ఆర్మీలో చేరాలనుకుంటున్న కుర్రాళ్ళు. ఈమధ్య కానిస్టేబులు పరీక్షకి ఆడపిల్లలు కూడా దిగారు, తోడుగా మోపెడ్ మీద నాన్నో అన్నో.

పరుగు అనగానే ఈ పత్రిక చదివే మనలాంటివాళ్ళకి మురకామి గుర్తొస్తాడు. 2007లో ఆయన పరుగు మీద రాసిన పుస్తకం నాకూ ఇష్టమే. ఏకాంతం, లయ, నవల రాయడానికీ మారథాన్‌కీ పోలిక, అంతా బాగుంటుంది. కానీ ఆ పుస్తకాన్ని చంకలో పెట్టుకుని మా రోడ్డు మీదకొస్తే ఏం అర్థం కాదు. ఇక్కడ పరుగుకి ఒకే దూరం, 1600 మీటర్లు. ఆర్మీ ర్యాలీలో ఏళ్ళ తరబడి నడిచిన లెక్క ప్రకారం 5 నిమిషాల 30 సెకన్లలోపు వస్తే 60 మార్కులు, 5:31 నుంచి 5:45 మధ్య వస్తే 48. ఆ లెక్కలో అది దాటితే ఇంటికే పంపేసేవారు. పోలీసు కానిస్టేబులుకైతే మగపిల్లలకి అదే దూరం 8 నిమిషాల్లో. ఇందులో ఏకాంతం ఎక్కడుంది? ఒక్కో సెకను మీద ఒక్కో ఇంటి అప్పు వేలాడుతుంటుంది. కరోనాతో రెండేళ్ళు ర్యాలీలు ఆగిపోయి, 2022 జూన్‌లో అగ్నిపథ్ ప్రకటించినప్పుడు సికింద్రాబాద్ స్టేషన్‌లో ఏం జరిగిందో అందరూ టీవీలో చూశారు. నాలుగేళ్ళ కొలువు, అందులో నాలుగోవంతు మందికే ఆ పైన. అయినా మా కుర్రాళ్ళు పరిగెత్తడం మానలేదు. మానితే ఇంకేముంది? చెన్నై రైలు, లేకపోతే జీడి ఫ్యాక్టరీ, లేకపోతే మూలపేట పోర్టు పనుల్లో రోజుకూలి.

ఇప్పుడు కొలత సంగతి. మా గుంపులో ఒక కుర్రాడు ఉండేవాడు. రోజూ 5:20కి కొడుతున్నానని గట్టి నమ్మకం. కల్వర్టు దగ్గర మొదలుపెట్టి ఊరి ఆర్చి దగ్గర ఆపేవాడు. అది పదహారొందలని వాడికి ముందున్న కుర్రాళ్ళు చెప్పారు, వాళ్ళకి ఇంకెవరో. ఫోన్ యాప్ కూడా అటూ ఇటూగా అంతే చూపించేది. చెట్ల కింద, మలుపుల్లో ఫోన్ చెప్పే దూరం పాములాడించేవాడి పాట లాంటిది, ఎటు ఊపితే అటు. మా మాస్టారు ఒకరోజు సైకిలు తెచ్చి కొలిచారు. 1510 మీటర్లు. అంటే వాడి అసలు వేగానికి 1600 మీటర్లకి పట్టేది 5:39. అరవై మార్కుల కుర్రాడు నలభై ఎనిమిది మార్కుల కుర్రాడైపోయాడు. తొంభై మీటర్ల తేడా. వాడు రెండు రోజులు రాలేదు, మూడోరోజు వచ్చి కొత్త గీత దగ్గర నిలబడ్డాడు. ఆ గీత గీయకపోయుంటే వాడికి ఈ సంగతి ర్యాలీ గ్రౌండులోనే తెలిసేది.

రోడ్డు కొలవడానికి ఒక పద్ధతుంది. ప్రపంచమంతా దాన్నే వాడతారు. స్టీలు టేపుతో కనీసం మూడొందల మీటర్ల తిన్నని రోడ్డు కొలిచి గుర్తు పెడతారు. దాని మీద సైకిలు నాలుగుసార్లు తొక్కి, చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్క కడతారు. ఆ సైకిలుతోనే పందెం దారంతా, మలుపుల్లో రోడ్డు అంచుకి 30 సెంటీమీటర్ల ఎడంగా, మనిషి పరిగెత్తగల అతి దగ్గరి దారిలో తొక్కుతారు. ఎండెక్కితే టైరులో గాలి ఉబ్బి లెక్క మారుతుంది కాబట్టి చివర్లో మళ్ళీ వచ్చి మొదటి మూడొందల మీటర్లు తొక్కి సరిచూసుకుంటారు. ఆపైన కిలోమీటరుకి ఒక మీటరు కలుపుతారు, ఎవరూ తక్కువ దూరం పరిగెత్తలేదని ఖాయంగా చెప్పడానికి. అందుకే సరిగా కొలిచిన ‘10కె’ నిజానికి 10,010 మీటర్లు. చక్రానికి తగిలించే చిన్న లెక్కల యంత్రాన్ని అలన్ జోన్స్ అనే అమెరికన్ 1971లో తయారుచేశాడు. అది లేకపోయినా ఓపికుంటే వాల్వు చూసుకుంటూ చుట్లు లెక్కపెట్టుకోవచ్చు. ఒక సైకిలు, ఒక టేపు, ఒక ఆదివారం. దీనికి టెండరు అక్కర్లేదు.

అయినా ఎవరూ చెయ్యరు. ఒక ఏడాది మా దగ్గర ‘5కె’ అని ప్రకటిస్తే ఆశపడి ఊరెళ్ళాను. ఎవరు పెట్టారన్నది వదిలేయండి. పేరు నమోదు చేసుకున్నాం, నంబర్లు ఇచ్చారు, సంతోషించాం. పరిగెత్తాక తెలిసింది, అది నాలుగు కిలోమీటర్లు కూడా లేదు. మధ్యలో ఒక అతిథి కారు అడ్డమొస్తే దారి మార్చారట. గమ్యం దగ్గర గడియారం లేదు. మొదటొచ్చిన కుర్రాడి టైము అడిగితే నిర్వాహకుల్లో ఒకాయన సెల్‌ఫోన్ చూసి “ఓ పద్దెనిమిది ఇరవై నిమిషాలుంటుంది లెండి” అన్నాడు. పద్దెనిమిదికీ ఇరవైకీ మధ్య ఒక జీవితం పడుతుంది. రెండోవాడికీ నూటపదో వాడికీ ఏ టైమూ లేదు. ఒక సర్టిఫికెట్ ఉంది, పేరు రాసుకోవడానికి ఖాళీ వదిలి.

సరదా రన్నర్లకి పోటీ ఎందుకు, పాల్గొంటే చాలదా అంటారు కొందరు పెద్దమనుషులు. చాలదు. నేను గెలవడానికి పరిగెత్తను, గెలవలేను కూడా. కానీ పోయినేడు నేను 53:10, ఈ ఏడు 52:04. ఆ అరవై ఆరు సెకన్లు నావి. వాటిని నాకు ఎవరూ దయతో ఇవ్వలేదు. దూరం అబద్ధమైతే ఆ సెకన్లు అబద్ధం. పందెం అంటే నాకు తెలిసినంతలో ఇంతే, నువ్వెంతో నీకు ఎవరూ మొహమాటం లేకుండా చెప్పడం. మా ఊళ్ళలో మొహమాటం లేకుండా ఏదైనా చెప్పే చోట్లు చాలా తక్కువ.

2004 అక్టోబరు 2న లండన్‌లో బుషీ పార్కులో పదమూడు మంది ఒక 5 కిలోమీటర్ల పరుగు మొదలెట్టారు. అదే పార్క్‌రన్. ఇప్పుడు చాలా దేశాల్లో ప్రతి శనివారం జరుగుతోంది. ఫీజు లేదు. పతకం లేదు. ఊళ్ళోవాళ్ళే గడియారం పట్టుకుంటారు. మొదటివాడికీ ఆఖరివాడికీ టైము రాసి అందరికీ కనపడేలా పెడతారు. మనకి అటు ఉన్నదల్లా ఇటు వస్తుంది గానీ, ఇలాంటివి మాత్రం ఎందుకో రావు. నగరాల్లో మారథాన్లు వచ్చాయి. విశాఖలో నేవీ మారథాన్ చక్కగా జరుగుతుంది, ఏ వంకా లేదు. కానీ పలాస కుర్రాడు అందులో పరిగెత్తాలంటే ఫీజు, ముందురోజు రైలు, రాత్రి ఉండటానికి చోటు. అక్కడికి అదొక పెళ్ళి ఖర్చు. ఖర్చు పెట్టి వెళ్ళినా అక్కడ వాడి 1600 మీటర్లకి పనికొచ్చేదేమీ లేదు.

ఇక నీళ్ళ దగ్గరికి వస్తాను. అసలు కోపం ఇక్కడే.

పరిగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలు అంటారు కదా. ఈ సామెత చెప్పినవాడు ఉద్దానం వాడు కాదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఈ మండలాల్లో నిలబడి నీళ్ళు తాగడం అంత నిశ్చింతైన పని కాదు. దశాబ్దాలుగా ఇక్కడ మనుషుల కిడ్నీలు పాడవుతున్నాయి. షుగరు, బీపీ లేనివాళ్ళకి కూడా. నీళ్ళలో సిలికా అన్నారు, భారలోహాలన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో పనిచేసి ఒళ్ళు ఎండిపోవడమన్నారు, నొప్పి మాత్రలన్నారు, వంశపారంపర్యమన్నారు. ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. హిరమండలం రిజర్వాయరు నుంచి పైపుల్లో నీళ్ళొచ్చే పథకం కూడా అప్పుడే మొదలైంది. మంచిదే. అయినా చాలా ఇళ్ళలో ఇరవై లీటర్ల డబ్బా గుమ్మంలోనే ఉంది. భయం పైపులు వెయ్యగానే పోదు.

ఇలాంటి చోట, కిడ్నీల మీద అవగాహన కోసం పరుగు పెట్టి, పిల్లల్ని ఆరు నుంచి ఏడున్నర దాకా ఎండలో నిలబెట్టి, దారిలో ఒక్క నీళ్ళ బల్ల కూడా లేకుండా పరిగెత్తించడాన్ని ఏమనాలి? మా వైపు మే నెలలో అయిదుంపావుకే సూర్యుడొచ్చేస్తాడు. ఏడున్నరకి సముద్రపు తేమతో కలిసి ఒళ్ళు ఉడికిపోతుంది. చెమట పడుతుంది గానీ ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వజ్రపుకొత్తూరు తీరంలో ఒడ్డెక్కి కొబ్బరి, జీడి, పనస తోటల్ని పడగొట్టాక రోడ్ల మీద నీడ కూడా మునుపటిలా లేదు. మధ్య అమెరికాలో ఎల్ సాల్వడార్, నికరాగువా చెరకు తోటల్లో కూలీలకి ఇలాంటి కిడ్నీ జబ్బే వస్తుంటే, అక్కడివాళ్ళు కారణం పూర్తిగా తేలేదాకా ఆగకుండా నీళ్ళు, నీడ, విరామం అని ఒక నియమం పెట్టుకుని పనివేళలు మార్చుకున్నారు. మనకి కనీసం జెండా వేళ మార్చుకోవడం కుదరదు. అతిథి నిద్ర లేవాలి కదా.

పరుగుకీ కిడ్నీకీ మధ్య ఉన్న తగువు చిన్నదేం కాదు. 2015లో అమెరికాలో హార్ట్‌ఫర్డ్ మారథాన్ పరిగెత్తిన 22 మందిని యేల్ డాక్టర్లు పరీక్షిస్తే, పరుగయ్యాక 82 శాతం మందిలో కిడ్నీకి తాత్కాలికంగా దెబ్బ తగిలిన గుర్తులు కనపడ్డాయి. ఆరోగ్యవంతులు కాబట్టి రెండు రోజుల్లో సర్దుకున్నాయి. ఇంకో పరిశోధనలో 80 కిలోమీటర్లు పరిగెత్తే 89 మందిలో కొందరికి ఐబుప్రోఫెన్, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో మూడోవంతు మందికి దెబ్బ కనపడితే, ఐబుప్రోఫెన్ వేసుకున్నవాళ్ళలో సగం మంది పైనే. కారణం సులువుగా చెప్పొచ్చు. ఒంట్లో నీరు తగ్గి, రక్తమంతా కాళ్ళ కండరాలకి పరిగెడుతున్నప్పుడు, కిడ్నీ తన రక్తనాళాల్ని తెరిచి ఉంచుకోవడానికి కొన్ని రసాయనాలు తయారుచేసుకుంటుంది. నొప్పి మాత్ర ఆపేది సరిగ్గా వాటినే.

మా కుర్రాళ్ళు పరుగుకి ముందు ఏం వేసుకుంటారో తెలుసా? నొప్పుల బిళ్ళ. మోకాలికి ఒకటి, పిక్కకి ఒకటి, ర్యాలీ రోజున ముందుజాగ్రత్తకి ఒకటి. ఎవరో సీనియర్ చెప్పుంటాడు. ఉద్దానంలో, పద్దెనిమిదేళ్ళకి, ఉపవాసపు కడుపుతో, నీళ్ళు తాగకుండా (తాగితే బరువెక్కుతామని), డైక్లోఫెనాక్ వేసుకుని పందెం వేగంతో పరుగు. మా గుంపులో మందుల షాపాయన ఉన్నాడని చెప్పాను కదా. ఆయన ఒక కుర్రాడితో అన్న మాట:

“నా కొట్లో ఎన్ని బిళ్ళలైనా ఉన్నాయిరా. నీకు మాత్రం అమ్మను. నొప్పుంటే పడుకో.”

“ఎల్లుండే ర్యాలీ అన్నా!”

“ర్యాలీ మళ్ళీ వస్తది. కిడ్నీ ఎవులిస్తారు, మీ సీనియరిస్తాడేటి?”

పదిహేను ‘2కె రన్’ల ప్రతిజ్ఞల కంటే ఈ నాలుగు మాటలు ఎక్కువ పనిచేశాయి. నిజమైన పందెంలో ఇలాంటి మాటలు చెప్పే అవకాశం ఊరకే వస్తుంది. బిబ్ నంబరు ఇచ్చే చోటే చెప్పొచ్చు, రెండేసి కిలోమీటర్లకి నీళ్ళ బల్ల దగ్గర నిలబడి చూపించొచ్చు. అవగాహన అనేది బ్యానరు మీద రాసేది కాదు, గ్లాసులో పోసి చేతికిచ్చేది.

విశాఖ మిత్రులు కొందరు ‘ఉద్దానం కోసం పరిగెడదాం’ అన్నారు. మనసు మంచిదే. నేను మాత్రం వద్దన్నాను. ఉద్దానం కోసం బీచ్ రోడ్డులో పరిగెత్తి విరాళం పోగుచెయ్యడం కంటే, ఉద్దానంలో ఉద్దానం వాళ్ళు పరిగెత్తడానికి వచ్చి రోడ్డు కొలిచిపెట్టండి, గడియారం పట్టుకోండి అన్నాను. కొంచెం ముఖాలు మాడ్చుకున్నారు. ఇద్దరు వస్తామన్నారు.

ఎడమవైపు నుంచి వచ్చిన అభ్యంతరం ఇంకా బరువైంది. మా ఊరి కవిమిత్రుడొకడు అడిగాడు, డయాలసిస్‌కి వారానికి రెండుసార్లు ఆటోలో వెళ్ళేవాళ్ళున్న ఊళ్ళో నీకు పందెం ఎలా గుర్తొస్తోందిరా అని. గుర్తొస్తుంది. ఎందుకు రాకూడదు? ఉద్దానం మనిషంటే పేపర్లో తుఫాను బాధితుడు, కాకపోతే కిడ్నీ రోగి. మన కథల్లోనూ ఎక్కువగా మంచం మీదే ఉంటాడు, గోడకి చూపు తగిలించి. అతని కొడుకు పొద్దున్నే లేచి రోడ్డు మీద పడి రొప్పుతున్నాడన్న సంగతి కథకి పనికిరాదు. కష్టమొచ్చిన ఊరికి ఆట వద్దనే న్యాయం ఎక్కడిది? ఆ ఊళ్ళే కొన్నేళ్ళకొకసారి అమ్మవారి సంబరానికి ఇంటింటా చందా ఎత్తి లక్షలు ఖర్చుపెడతాయి. పక్కజిల్లాల నుంచి కూడా ఆడపడుచుల్ని పిలుచుకుని అన్నం పెడతాయి. సంక్రాంతికి చెడుగుడు పోటీలు పెట్టి రాత్రంతా మేలుకుంటాయి. వీటిని తప్పన్నవాడెవడూ లేడు. పరుగు దగ్గరికొచ్చేసరికే మనకి రోగులు గుర్తొస్తారు, అదీ పరుగు నిజంగా పరుగయినప్పుడే. కెమెరా ముందు రెండొందల మీటర్లకి ఎవరికీ అభ్యంతరం లేదు.

రోడ్డు సంగతి ఒకటి మిగిలిపోయింది. కుర్రాళ్ళు చాలామంది హైవే అంచున పరిగెడతారు, తారు బాగుంటుందని, దీపాలుంటాయని. టెక్కలి గ్రానైటు బండలు మోసే ట్రాలీలు, ఒడిశా నుంచొచ్చే లారీలు, రాత్రంతా తోలి నిద్ర కళ్ళతో ఉన్న డ్రైవర్లు. ఏడాదికొకసారి ఒక ఊరి రోడ్డుని గంటన్నర ఆపితే కొంపలేం మునగవు. ఎమ్మెల్యే వస్తే ఆపుతున్నాం కదా. ఆ గంటన్నర ఆ ఆడపిల్ల నాన్న మోపెడ్ లేకుండా పరిగెత్తొచ్చు. నాకైతే అదొక్కటి చూడాలనుంది.

మా గుంపు ఒక దారి అనుకుంది. వజ్రపుకొత్తూరు మండలంలో అక్కుపల్లి తీరంలో ముగిసే 10 కిలోమీటర్లు, తోటల మధ్య రోడ్డు. దాని లోపలే 1600 మీటర్ల దగ్గర ఇంకో గీత, ఇంకో గడియారం, కుర్రాళ్ళ కోసం. డిసెంబరులోనో జనవరిలోనో, చీకటి ఉండగానే నాలుగూముప్పావుకి మొదలు. ఫీజు లేదు. టీషర్టు లేదు, ఆ డబ్బుతో నీళ్ళు, ఉప్పూ పంచదార కలిపిన మజ్జిగ. నొప్పి మాత్ర వేసుకున్నవాళ్ళకి నంబరు ఇవ్వం, అడిగి నమ్ముతాం. లైన్‌మేన్ గారు దీపాలు చూసుకుంటానన్నారు. మాస్టార్లిద్దరూ సైకిలుతో కొలత మొదలుపెట్టారు. ఆరు కిలోమీటర్ల దాకా అయింది, మిగతాది వచ్చే ఆదివారం. పిక్కల ఫ్యాక్టరీ పిన్నిని కూడా అడిగాను, నీళ్ళ బల్ల దగ్గర నిలబడతారా అని. “కూలిస్తారేటి?” అంది. ఇస్తామన్నాను.

ముఖ్య అతిథిని కూడా పిలుస్తాం. ఏడున్నరకి రమ్మంటాం. అప్పటికి ఆఖరి మనిషి టైము కూడా బోర్డు మీద రాసేసి ఉంటుంది.